నర్సు మెటర్నిటీ లీవ్ పెడితే ఆమె పేషెంట్లను ఎవరు చూస్తారు? – నా అనుభవం

బీఎస్సీ నర్సింగ్‌లో కమ్యూనిటీ హెల్త్ పేపర్‌కి మెటర్నిటీ బెనిఫిట్ యాక్ట్ మాకు ఒక షార్ట్ నోట్. 1961 చట్టం, 80 రోజుల పని, ప్రసవానికి ముందు ఇన్ని వారాలు, తర్వాత ఇన్ని వారాలు అని బట్టీ పట్టి రాసేసి, పరీక్ష హాలు దాటగానే మర్చిపోయాం. మళ్లీ అది నాకు గుర్తొచ్చింది 2023లో. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి సర్జికల్ ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను, కడుపుతో ఉన్నాను. ఆసుపత్రి పేరు రాయను, ఇంకా అక్కడే ఉద్యోగం. అయినా ఇది ఆ ఒక్క చోట జరిగేది కాదు, మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో కదిలిస్తే సగం మంది ఇలాంటిదే చెప్తారు.

మా అత్తమ్మ "మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకు, దిష్టి తగులుతుంది" అంది. బయటి ఉద్యోగాలకు ఆ మాట చెల్లుతుందేమో గానీ ఐసీయూలో కుదరదు. వెంటిలేటర్ మీదున్న పేషెంటుకు రెండు గంటలకోసారి పొజిషన్ మార్చాలి, తొంభై కిలోల మనిషిని ఇద్దరం పట్టి తిప్పాలి. కోడ్ బ్లూ, అంటే పేషెంటు గుండె ఆగిపోతే మంచం ఎక్కి సీపీఆర్ చెయ్యాలి. పోర్టబుల్ ఎక్స్‌రే వచ్చినప్పుడు టెక్నీషియన్ "ఎక్స్‌రే" అని అరుస్తాడు, అందరూ పక్కకు జరుగుతారు, కానీ పేషెంటు కదిలిపోతుంటే ఎవరో ఒకరు పట్టుకుని ఉండాల్సిందే. నేను రెండో నెలలోనే మా ఇన్‌చార్జ్ మేడమ్‌కి చెప్పేశాను. ఆవిడ మంచిదే, ఎక్స్‌రే టైంలో నన్ను బయటికి పంపించేది. అది ఆవిడ మంచితనం, రూలు కాదు. ఆవిడ ఆఫ్‌లో ఉన్న రోజు ఆ మంచితనం కూడా ఆఫే.

చట్టంలో దీనికి ఏమైనా ఉందేమోనని అప్పుడు మొదటిసారి సరిగ్గా చదివాను. సెక్షన్ 4లో ఉంది, గర్భిణి అడిగితే శ్రమతో కూడిన పని, ఎక్కువసేపు నిలబడే పని చెప్పకూడదు అని. సంబరపడ్డాను. ఆ కిందనే ఉంది అసలు విషయం: ఈ రక్షణ ప్రసవం తేదీకి ముందున్న ఆరు వారాలకీ, దానికి ముందున్న ఒక నెలకీ మాత్రమే. అంటే ఇంచుమించు 30వ వారం నుంచి. పిండానికి రేడియేషన్ వల్ల, కీమో మందుల వల్ల ఎక్కువ ముప్పు ఉండేది మొదటి మూడు నెలల్లో అని మాకే పాఠం చెప్పారు. ఆ మూడు నెలల గురించి ఈ సెక్షన్‌లో ఒక్క ముక్క లేదు. రేడియేషన్ పనివాళ్లకు ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) రూలు ఉంది, గర్భం సంగతి చెప్పాక కడుపులో బిడ్డకు తగిలే రేడియేషన్ 1 మిల్లీసీవర్ట్ దాటకూడదని. కానీ అది మెడలో రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ ఉన్నవాళ్ల లెక్క. ఐసీయూ నర్సుకు ఆ బ్యాడ్జీ ఎవరిస్తారు?

30 వారాలు నిండాక లైట్ డ్యూటీ కోసం రాసిచ్చాను. సరే, సీఎస్ఎస్‌డీలో (పరికరాలు స్టెరిలైజ్ చేసే విభాగం) వేస్తాం, కూర్చుని ప్యాకింగ్ చూసుకోండి సిస్టర్ అన్నారు. మా సీఎస్ఎస్‌డీలో ఈటీఓ స్టెరిలైజర్ ఉంది. ఈటీఓ అంటే ఎథిలీన్ ఆక్సైడ్, ఆ గ్యాసు పీలిస్తే గర్భస్రావం అయ్యే ముప్పు ఉందని నర్సింగ్ చదివిన వాళ్లెవరికైనా తెలియాలి. అక్కడికి కడుపుతో ఉన్నవాళ్లను పంపడం ఎన్నాళ్ల నుంచో అలవాటుగా సాగుతోంది, ఎందుకంటే అక్కడ కుర్చీ ఉంది, అంతే! నేను వెళ్లనన్నాను. కొంచెం ముఖాలు మాడ్చుకున్నాక ఆపరేషన్‌కి ముందు చెకప్‌లు చేసే ఓపీడీకి మార్చారు. అక్కడ బీపీ చూసి, పాత రిపోర్టులు సర్దిపెట్టే పని. నా తర్వాత కడుపుతో ఉన్న ఇద్దరిని కూడా అక్కడికే పంపారు, ఆ మట్టుకు నయం.

లీవ్ సంగతి దీనికంటే పెద్ద తలనొప్పి.

హెచ్‌ఆర్‌లో అడిగితే మొదట వచ్చిన మాట, "సిస్టర్, రిజైన్ చేసేయండి, డెలివరీ అయ్యాక మళ్లీ తీసుకుంటాం, ఇక్కడ అందరూ అలాగే చేస్తారు." చాలా మామూలుగా, సాయం చేస్తున్నట్టే చెప్పాడు. అతను చెప్పింది అబద్ధం కూడా కాదు, నిజంగానే చాలామంది అలాగే చేశారు. రిజైన్ చేసి మళ్లీ చేరితే సర్వీసు మొదటి నుంచి లెక్క, జీతం ఫ్రెషర్ స్కేలు దగ్గర మొదలు, గ్రాట్యుటీకి కావాల్సిన ఐదేళ్లు తెగిపోతాయి. అదే మెటర్నిటీ లీవ్‌లో ఉంటే ఆ కాలం సర్వీసులో భాగమే. ఒక సంతకంతో ఇవన్నీ పోతాయని ఎవరూ చెప్పరు. 2017 సవరణలో, ఉద్యోగంలో చేరేటప్పుడే ప్రతి మహిళకూ ఈ హక్కులన్నీ రాతపూర్వకంగా, ఈమెయిల్‌లాంటి పద్ధతిలో కూడా తెలియజేయాలని ఉంది. నాకు చేరేటప్పుడు ఇచ్చింది అపాయింట్‌మెంట్ ఆర్డరు, ఐడీ కార్డు, ఇంకా నా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టుకున్నందుకు ఒక రసీదు.

రెండోసారి వెళ్తే, "మీకు ఈఎస్ఐ ఉంటుంది కదా, అక్కడ క్లెయిమ్ చేసుకోండి" అన్నాడు. ఇక్కడొక తిరకాసు ఉంది, నర్సులందరూ తెలుసుకోవాల్సింది. నెల జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కిందికి వస్తాం. అప్పుడు 26 వారాల మెటర్నిటీ లీవ్ డబ్బు ఈఎస్ఐ కార్పొరేషనే మన అకౌంట్లో వేస్తుంది, ముందటి రెండు ఆరునెలల కంట్రిబ్యూషన్ పీరియడ్లలో 70 రోజులకు చందా కట్టి ఉంటే చాలు. ఆసుపత్రి జేబులోంచి రూపాయి పోదు కాబట్టి అలాంటి అమ్మాయిల లీవ్ ఫారాల మీద సంతకాలు ఇట్టే అయిపోతాయి. జీతం 21,000 దాటిందా, ఈఎస్ఐ పోతుంది, మెటర్నిటీ బెనిఫిట్ చట్టం కింద డబ్బంతా యజమానే ఇవ్వాలి. నా జీతం ఆ గీత దాటి ఏడాది పైనే అయింది. ఇంక్రిమెంట్ వచ్చిందని స్వీట్లు పంచుకున్నాం అప్పట్లో! రిజైన్ చేయమనే సలహా ఆ గీతకు పైనున్న సీనియర్లకే ఎందుకు వస్తోందో అర్థమైంది.

అప్పుడే మా గ్రూపులో ఎవరో దీపికా సింగ్ తీర్పు పెట్టారు. ఆమె కూడా నర్సే, చండీగఢ్ పీజీఐలో. భర్తకు మొదటి పెళ్లి వల్ల ఇద్దరు పిల్లలున్నారు, ఆ పిల్లల కోసం ఈమె అంతకుముందు చైల్డ్ కేర్ లీవ్ వాడుకుంది, అందుకని తన కడుపున పుట్టిన మొదటి బిడ్డను మూడో బిడ్డ కింద లెక్కగట్టి మెటర్నిటీ లీవ్ ఇవ్వలేమన్నారు. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు అది తప్పని, లీవ్ ఇవ్వాల్సిందేనని చెప్పింది. నా కేసుకు ఆ తీర్పుతో నేరుగా పని లేదు. కానీ ఒక స్టాఫ్ నర్సు అంత దూరం వెళ్లిందంటే నేను ఒక అప్లికేషన్ రాయలేనా అనిపించింది. ఆ మర్నాడే రాశాను.

అప్లికేషన్‌లో ఏం రాశానో చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. సెక్షన్ 6 కింద నోటీసు అని పైనే పెట్టాను. ఏ తేదీ నుంచి లీవ్ కావాలో, ఆ కాలంలో ఇంకెక్కడా పని చేయనని, డబ్బు నాకు గానీ నామినీగా మావారికి గానీ ఇవ్వాలని రాసి, ప్రసవం తేదీ ఉన్న స్కాన్ రిపోర్టు జత చేశాను. రెండు కాపీలు పట్టుకెళ్లి ఒకదాని మీద రిసీవ్డ్ స్టాంపు వేయించుకున్నాను. స్టాంపు వేయడానికి కూడా నానా తిప్పలు పెట్టారు, అందుకని అదే ఈమెయిల్‌లో కూడా పంపాను. జవాబు లేదు. చివరికి లేబర్ ఆఫీసుకు వెళ్తే అక్కడ ఒక సారు కాగితం చదివి, నా ముందే ఆసుపత్రికి ఫోన్ చేసి మర్యాదగానే మాట్లాడారు, ఇన్‌స్పెక్షన్‌కి రావాల్సి ఉంటుందేమో అని మాత్రం ఒక మాట అన్నారు. ఆ వారంలోనే లీవ్ శాంక్షన్ అయింది.

శాంక్షన్ అయ్యాక లెక్కలో మళ్లీ గొడవ. బేసిక్ మీదే ఇస్తామన్నారు. అప్పటి చట్టంలో వేతనం అంటే డీఏ, హెచ్‌ఆర్‌ఏ లాంటి నగదు అలవెన్సులన్నీ కలిపి, లీవ్‌కు ముందు మూడు నెలల సగటు. ఓవర్‌టైమ్ మాత్రం కలవదు. మా నర్సులకు ఇందులో ఒక దెబ్బ ఉంది: మా చేతికొచ్చే జీతంలో డబుల్ డ్యూటీల డబ్బు తక్కువేం కాదు, దానికి లెక్క లేదు. హెచ్‌ఆర్‌ఏ మాత్రం పట్టుబట్టి కలిపించుకున్నాను. ప్రసవానికి ముందు కాలం డబ్బు ముందుగానే, మిగతాది బిడ్డ పుట్టినట్టు రుజువు ఇచ్చిన 48 గంటల్లో ఇవ్వాలని ఉంది గానీ, నాకు నెలనెలా జీతంలాగే వేశారు. ఇక దాని కోసం కొట్లాడే ఓపిక లేక వదిలేశాను. 3,500 మెడికల్ బోనస్ కూడా ఇచ్చారు, ఆసుపత్రిలో ఉచితంగా ప్రసవం, ముందూ వెనకా చూపించుకునే ఏర్పాటు యజమాని చేయకపోతే ఇచ్చేది అది. ఆసుపత్రిలో పనిచేస్తూ కూడా నేను ప్రసవానికి వేరే చోటికి వెళ్లాల్సి వచ్చింది, మా దగ్గర ప్రసూతి విభాగం లేదు మరి.

26 వారాల్లో ప్రసవానికి ముందు 8 వారాల దాకా వాడుకోవచ్చు. వాడుకునే నర్సును నేను చూడలేదు. బిడ్డకు ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వాలని పేషెంట్లకు చెప్పేది మేమే కదా, ముందు తీసుకున్న ప్రతి వారమూ ఆ ఆరు నెలల్లోంచి కోత. అందుకని అందరం చివరిదాకా నెట్టుకొస్తాం. నేనూ ఓపీడీలో కాళ్లు వాచిపోయి, చెప్పులు పట్టక, ప్రసవం దగ్గర పడే దాకా వెళ్లాను. చివరి వారాల్లో సాయంత్రం హ్యాండోవర్ ఇస్తుంటే పేషెంట్ల బంధువులే కుర్చీ జరిపి కూర్చో తల్లీ అనేవాళ్లు.

ఇంతవరకూ చెప్పింది నాకూ యాజమాన్యానికీ మధ్య జరిగింది. నేను లీవ్‌లో ఉండగా వార్డులో జరిగింది వేరే కథ, నాకు ఇప్పటికీ మింగుడు పడనిది అదే.

మాది పన్నెండు పడకల ఐసీయూ. వెంటిలేటర్ పేషెంటుకు ఒక నర్సు ఉండాలి. మా దగ్గర మామూలు రోజుల్లోనే ఒక్కొక్కరం ఇద్దరిని చూస్తాం. నేను లీవ్‌లోకి వెళ్లాక నా స్థానంలో ఎవరినీ తీసుకోలేదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లో, కావాల్సిన నర్సుల సంఖ్య మీద ఇంకో 30 శాతం లీవ్ రిజర్వ్ ఉండాలని ఉంది, ఎవరైనా సెలవులో ఉన్నా పని ఆగకుండా. ప్రైవేటులో ఆ రిజర్వ్ చూపించండి, చూసి సంతోషిస్తాను. నా డ్యూటీలు మిగతావాళ్లకు పంచారు. నాతో పాటు చేరిన ఒక స్నేహితురాలికి వీక్లీ ఆఫ్‌లు రద్దయ్యాయి, నైట్ చేసి అదే పొద్దున మళ్లీ డే చేసిన రోజులున్నాయి. నా బాబుకు మూడో నెలలో చూడ్డానికి వచ్చింది. బాబుకు జుబ్బా తెచ్చింది, ఎత్తుకుంది, ముద్దు చేసింది, తర్వాత కాఫీ తాగుతూ అంది, "నీ మీద కోపం కాదు గానీ అక్కా, నువ్వు ఇంట్లో కూర్చుని జీతం తీసుకుంటున్నావు, నా నడుం ఎవరిస్తారు?"

నేను ఇంట్లో కూర్చోలేదు, రాత్రుళ్లు కుట్ల నొప్పితో బిడ్డను పట్టుకుని తిరుగుతున్నాను అని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆమె చెప్పింది నిజం. ఒక మనిషి ముగ్గురు పేషెంట్లను చూస్తే ముందు ఆగిపోయేది పొజిషన్ మార్చడం, నోరు శుభ్రం చేయడం, ఇంకా ఛార్టు సరిగ్గా టైముకు రాయడం. మందులు ఆగవు, డాక్టరు అడుగుతాడు కాబట్టి. పొజిషన్ మార్చక నడుము కింద పుండు పడ్డాక గానీ ఎవరూ అడగరు. నా లీవ్ ఖర్చులో సగం అలా పేషెంట్ల వీపుల మీద పడింది, ఇంకో సగం నా తోటి నర్సుల నడుముల మీద. యాజమాన్యం నా జీతం ఇచ్చి, నా స్థానంలో ఇంకో మనిషిని పెట్టకుండా చేతులు దులుపుకుంది. చట్టం తల్లి సంగతి చూసింది, యజమాని ఏం చేయాలో చెప్పింది, తల్లి వదిలివెళ్లిన పని ఎవరు చేస్తారన్నది మాత్రం అడగలేదు. ఫ్యాక్టరీలో ఒక మెషిన్ ఆరు నెలలు ఆపుకోవచ్చేమో, మంచం మీద మనిషిని ఆపలేరు కదా.

ఇంకో సంగతి, ఖర్చంతా ఒక్క యజమాని మీద పెడితే వాళ్లు ఉద్యోగాలిచ్చే దగ్గరే జాగ్రత్త పడతారు. ప్రసూతి వేతనం భారం ఒక్కో యజమాని మీద కాకుండా సామాజిక బీమా లాంటి ఉమ్మడి నిధి నుంచి రావాలని ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 2000 నాటి 183వ ఒప్పందం చెప్తుంది, మన దేశం దాన్ని ఆమోదించలేదు. మా దగ్గర ఇంటర్వ్యూల్లో ఇప్పుడు అడిగే రెండో ప్రశ్న, పెళ్లైందా. మూడోది, ప్లానింగ్ ఏమైనా ఉందా. కొత్తగా వచ్చే అమ్మాయిలకు పదకొండు నెలల కాంట్రాక్టులే ఇస్తున్నారు. కాంట్రాక్టు ముగిసినా, అర్హత ఉంటే పూర్తి ప్రసూతి ప్రయోజనం ఇవ్వాలని 2023లో కవితా యాదవ్ అనే ఢిల్లీ కాంట్రాక్టు డాక్టరు కేసులో సుప్రీంకోర్టు చెప్పిందని ఆ పిల్లలకు నేను చెప్తూనే ఉంటాను. తల ఊపుతారు, కానీ గొడవ పెట్టుకుంటే సర్టిఫికెట్లు ఇవ్వరేమోనని భయం. నాకు నాలుగు డబ్బులు దాచుకున్న ధైర్యం, మావారి జీతం ఉన్నాయి, వాళ్లకు ఏముంది.

తిరిగి డ్యూటీలో చేరాక పాల సమస్య. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా మామూలు విరామానికి అదనంగా రోజుకు రెండు విరామాలు ఇవ్వాలి. ఐసీయూలో విరామం అంటే నా పేషెంట్లను పక్క నర్సుకు అప్పజెప్పి వెళ్లడం, అప్పుడు ఆమెకు నలుగురు. ఒకసారి లినెన్ రూములో దుప్పట్ల మధ్య స్టూలు వేసుకుని పంపు పెట్టుకున్నాను, పాలు అప్పుడే దిగడం మొదలైంది, బయట సిరంజ్ పంప్ అలారం. శబ్దాన్ని బట్టే తెలిసిపోయింది అది నా పేషెంటుదేనని, నారడ్రినలిన్ అయిపోవచ్చిందని, అది ఆగితే నిమిషాల్లో బీపీ పడిపోతుందని. పక్క నర్సు ఒక పేషెంటుకు కఫం తీసే పనిలో (సక్షన్) ఉంది, చేతులకు గ్లౌజులు. సగం నిండిన సీసా దుప్పట్ల మీద పెట్టి, గుండీలు పెట్టుకుంటూ పరిగెత్తాను. కొత్త సిరంజి ఎక్కించి వచ్చి చూస్తే సీసా ఒరిగిపోయి పాలన్నీ దుప్పటి తాగేసింది. పాలకు ఏడవలేదు గానీ ఆ దుప్పటిని లాండ్రీ బ్యాగులో వేస్తుంటే ఒళ్లు మండిపోయింది.

50 మంది గానీ అంతకు మించి గానీ ఉద్యోగులుంటే క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. మా ఆసుపత్రి దగ్గర్లోని ఒక ప్లేస్కూలుతో టైఅప్ అని చూపిస్తుంది. అది పొద్దున తొమ్మిదికి తీసి సాయంత్రం ఆరుకు మూస్తారు. మా డ్యూటీలు ఎనిమిది నుంచి ఎనిమిది, నెలలో సగం నైట్లు. అకౌంట్స్ సెక్షన్ మేడమ్ పాప అక్కడికి వెళ్తోంది. నర్సుల పిల్లలు ఒక్కరూ లేరు. నా బాబును ఖమ్మం నుంచి వచ్చి అమ్మ చూసుకుంది, పొలం పనులు నాన్న మీద వదిలేసి. సర్కారు ఆసుపత్రిలో రెగ్యులర్ ఉద్యోగం చేసే మా ఆడపడుచుకు 180 రోజుల లీవ్ గొడవ లేకుండా వచ్చింది, ఉమ్మడి రాష్ట్రంలో 2010లోనే 120 నుంచి 180 చేశారు. ఆమెకీ క్రెష్ మాత్రం లేదు.

2025 నవంబరు 21 నుంచి 1961 చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. 26 వారాలు అలాగే ఉన్నాయి, సెక్షన్ నంబర్లు మారాయి కాబట్టి నా పాత అప్లికేషన్ యథాతథంగా కాపీ కొట్టొద్దు. మా ఇన్‌చార్జ్ మేడమ్ మాత్రం ఒక మంచి పని చేసింది, లీవ్‌లో వెళ్లబోయే వాళ్ల పేర్లు, తేదీలు ముందుగానే రాసి, ఆ నెలల్లో ఏ షిఫ్టులో ఎంతమంది తగ్గుతారో పక్కనే వేసి, పైవాళ్లకు కాగితం మీద పంపడం మొదలుపెట్టింది. నోటిమాటగా చెప్పినన్నాళ్లు కదలనిది కాగితానికి కదిలింది, రెండు ఐసీయూలకు కలిపి ఒక ఫ్లోట్ నర్సును, అంటే ఎక్కడ మనిషి తక్కువైతే అక్కడికి వెళ్లే నర్సును ఇచ్చారు. ఆ అమ్మాయి ఇప్పుడు ఐదో నెల కడుపుతో ఉంది. జీతం 21,000 లోపే కాబట్టి ఆమెది ఈఎస్ఐ, డబ్బుకు ఇబ్బంది ఉండదు. ఆమె బదులు ఎవరిని ఇస్తారో చెప్పండని మేడమ్ ఇంకో కాగితం రాసింది, దాని మీద ఇంకా ఎవరూ సంతకం పెట్టలేదు.